నలుగురూ నడిచే చోట



ఊరి పేరు బల్లార్‌పూర్, అక్కడి రైల్వే స్టేషన్ పేరు బల్లార్షా. ఢిల్లీ నుంచి చెన్నైకి వెళ్ళే పెద్ద లైను మీద, మహారాష్ట్ర దాటి తెలంగాణలో అడుగు పెట్టబోయే ముందు వచ్చే ముఖ్యమైన జంక్షన్ అది. కాగితం మిల్లులోనూ బొగ్గు గనుల్లోనూ పనికని వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఆ చుట్టుపక్కల చాలా ఉన్నాయి. పండగకు కాగజ్‌నగర్ వెళ్ళాలన్నా, పెళ్ళికి వరంగల్ వెళ్ళాలన్నా వాళ్ళకు ఆ స్టేషనే వీధి గుమ్మం. 2018లో గోడల మీద తాడోబా అడవినీ పులులనూ చిత్రించి, చంద్రపూర్ స్టేషన్‌తో పాటు దేశంలోకెల్లా అందమైన స్టేషన్‌గా అది మొదటి బహుమతి కూడా అందుకుంది.

ఆ స్టేషన్లోనే 2022 నవంబరు 27, ఆదివారం సాయంత్రం అయిదు దాటిన వేళ, ప్లాట్‌ఫారాలను కలిపే పాదచారుల వంతెన మీద కాలి కింది పలక ఒకటి ఊడి పడింది. పుణె వైపు వెళ్ళే రైలు అందుకోవాలని జనం గబగబా నడుస్తున్న సమయమది. పలకతో పాటు మనుషులూ కింద పట్టాల మీద పడిపోయారు. ఒక మహిళ ప్రాణాలు కోల్పోయారు. పదిమందికి పైగా గాయపడ్డారు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. వంతెన మొత్తం కూలలేదు. ఇటువంటి వంతెనకు బరువు మోసే ఇనుప దూలాలు ఉంటాయి. వాటి మీద ముందే పోతపోసిన సిమెంటు పలకలు వరసగా పరుస్తారు. మనం నడిచేది ఆ పలకల మీద. ఆ రోజు దూలాలు నిలిచే ఉన్నాయి, పలక ఊడింది. అంటే, దూరం నుంచి చూస్తే గట్టిగా కనిపించే వంతెనకు కూడా నడిచేచోట బలహీనత ఉండవచ్చునన్నమాట.

అందులో ప్రయాణికుల తప్పేమీ లేదు. వంతెన పటుత్వం చూడవలసింది దాన్ని కట్టి నడిపేవారే. మనం ఎంత జాగ్రత్తగా అడుగు వేసినా ఆ బాధ్యత మన మీదికి రాదు. అయితే కంటికి కనిపించినదాన్ని నోరు విప్పి చెప్పడం మాత్రం మన చేతిలో ఉంది. పలకల మధ్య సందు పెరగడం, అడుగు వేస్తే పలక కదలడం, కింద సిమెంటు పెళ్ళలు రాలి ఉండడం, ఇనుప చువ్వ బయటపడి తుప్పునీరు కారడం, ఇవన్నీ చెప్పదగిన గుర్తులే. స్టేషన్ మాస్టరుకు చెప్పండి, లేదా 139 నంబరుకు ఫోన్ చేయండి. ‘ఎవరో ఒకరు చెప్పే ఉంటారులే’ అని అందరూ అనుకుంటే, ఎవరూ చెప్పనట్లే అవుతుంది.

రెండో ప్రమాదం వంతెనది కాదు, రద్దీది. 2017 సెప్టెంబరు 29న ముంబయిలో ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషన్ వంతెన విరగలేదు. వాన కురుస్తుంటే జనం మెట్ల దగ్గర నిలబడిపోయారు, వెనక నుంచి ఇంకా జనం వచ్చారు. ఆ తొక్కిసలాటలో 23 మంది చనిపోయారు. 2025 ఫిబ్రవరి 15న న్యూఢిల్లీ స్టేషన్లో 18 మంది పోయారు. ఒక ప్రయాణికుడి తల మీది పెద్ద మూట జారి పడగా, మెట్ల మీద ఒకరి మీద ఒకరు పడ్డారని రైల్వే మంత్రి పార్లమెంటుకు ఇచ్చిన సమాధానంలో ఉంది. ఒక్క మూట, శ్రోతలారా!

ఇలా ఎందుకు జరుగుతుంది? చదరపు మీటరు జాగాలో నలుగురు ఉన్నంతవరకు మన అడుగు మన చెప్పుచేతల్లో ఉంటుంది. ఆరేడుగురు చేరితే జనం నీళ్ళలా కదులుతారు. ముందువారికి ఆగే శక్తి ఉండదు, వెనకవారికి ముందు ఏం జరుగుతోందో కనిపించదు. తొక్కిసలాటలో చాలామంది కాళ్ళ కింద నలిగి కాదు, ఛాతీ కదలక, ఊపిరి ఆడక పోతారు. కాబట్టి ఇటూ అటూ ఉన్నవారి భుజాలు రెండువైపులా తగులుతున్నాయంటే, అదే వెనక్కి తగ్గవలసిన సమయం. ఇంకొంచెం ఆగితే తిరగడానికి చోటుండదు.

అప్పటికే చిక్కుకుపోతే రెండు చేతులూ మడిచి ఛాతీ ముందు ఉంచుకోండి. ఊపిరికి అంత చోటు మిగులుతుంది. తోపుకు ఎదురు నిలవవద్దు. తోపు సడలినప్పుడల్లా ఏటవాలుగా అంచు వైపు జరగండి, కాని గోడకు, కటకటాలకు అతుక్కోవద్దు. చెప్పు ఊడినా, ఫోన్ పడినా వంగవద్దు. పడిపోతే పక్కకు ముడుచుకుని తలనూ ఛాతీనీ కాపాడుకోండి.

ఇక పరుగు. స్టేషన్లో పరుగు చాలాసార్లు మాట సరిగా వినకపోవడం వల్ల మొదలవుతుంది. ప్రకటన ఏ భాషలో వచ్చినా రైలు నంబరు చెవిన పడితే చాలు. అయిదు అంకెలూ ఇంటి దగ్గరే చీటీ మీద రాసుకోండి. ప్లాట్‌ఫారం మారిందని వినగానే గుంపుతో లేవకుండా, బోర్డు మీద ఒకసారి చూసి కదలండి. మూట తల మీద కాక చేతిలోనో వీపునో ఉంచుకోండి. పిల్లవాణ్ణి వేళ్ళు కాదు, మణికట్టు పట్టుకుని నడిపించండి. జేబులో ఫోన్ నంబరు రాసిన కాగితం పెట్టండి. తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో అవ్వకూ తాతకూ కూడా ముందే చెప్పండి.

వంతెన భయమని పట్టాలు దాటకండి. అది నేరం, అంతకుమించి ప్రాణాంతకం. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే రైలు ఒక్క సెకనులో దాదాపు 28 మీటర్లు వస్తుంది. మూటతో మీరు నాలుగు అడుగులు వేసేలోగా అది వంద మీటర్లు వచ్చేస్తుంది.

బల్లార్షాలో ఆ సాయంత్రం వంతెనెక్కిన వారంతా మనలాగే రైలు కోసం వెళ్ళినవారు. ఒకరు ఇంటికి చేరలేదు. ఈసారి స్టేషన్‌కు అరగంట ముందు బయలుదేరండి. మెట్లెక్కే ముందు ఒక్క క్షణం ఆగి ముందు ఎంతమంది ఉన్నారో, కాలి కింద ఏముందో చూడండి. రైలు తప్పితే మరో రైలు వస్తుంది.