నేరము - రసము : నాలుగు చలనచిత్రముల పరిశీలనము

నేరమును వస్తువుగా గైకొన్న చలనచిత్రములను గూర్చి రెండభిప్రాయములు తరచుగా వినవచ్చుచుండును. విషాదచిత్రములు నేరముయొక్క క్రౌర్యమును చూపి ప్రేక్షకుని హెచ్చరించును గనుక అవి గౌరవింపదగినవనుట మొదటిది. హాస్యచిత్రములు అదే నేరమును నవ్వులాటగా జేసి, దానియెడ నుండవలసిన రోతను పోగొట్టును గనుక అవి నీతికి హానికరములనుట రెండవది. ఈ రెంటికిని మూలము ఒక్కటే: చిత్రము గంభీరమైనచో నీతియు గంభీరమగునను నమ్మకము. ఈ నమ్మకము నిలుచునది కాదని మా తలంపు. హత్యను గూర్చిన చిత్రములు రెండు, దొంగతనమును గూర్చినవి రెండు జతలుగా గైకొని ఈ విషయమును పరిశీలింతము.

ఫ్రిట్జ్ లాంగ్ దర్శకత్వమున 1931లో జర్మనీలో వెలువడిన 'ఎమ్' పసిపిల్లలను చంపు హంతకుని కథ. ఇందులో హత్య ఎచ్చటను కంటికి కానరాదు. తల్లి భోజనపు బల్ల సిద్ధపరచి బిడ్డను పేరుపెట్టి పిలుచుచుండును. నిర్జనమైన మెట్లు, ఎవరును ముట్టని పళ్లెము కనబడును. పిల్ల యాడుకొనిన బంతి దొర్లివచ్చి యాగును. హంతకుడు కొనియిచ్చిన బుడగ తంతితీగెలలో చిక్కుకొనును. అంతియే. అయినను ప్రేక్షకుని గుండె చెదరును.

రాబర్ట్ హేమర్ దర్శకత్వమున 1949లో ఇంగ్లండులో వెలువడిన 'కైండ్ హార్ట్స్ అండ్ కారొనెట్స్' లోను ఒక గాలిగుమ్మటము కలదు. స్త్రీలకు ఓటుహక్కు కావలెనని కరపత్రములు వెదజల్లుచు లేడీ అగాథ దానిలో లండను నగరముపై పోవుచుండగా కథానాయకుడు లూయీ దానిని బాణముతో కొట్టి కూల్చును. ప్రేక్షకుడు నవ్వును. తన తల్లిని వెలివేసిన ప్రభువంశముపై పగబూని, బిరుదమునకు అడ్డముగా నున్న బంధువులను లూయీ ఒకరి వెనుక నొకరిని తొలగించుకొనును. ఆ వంశీయుల పాత్రలు ఎనిమిదింటిని అలెక్ గిన్నెస్ ఒక్కడే ధరించినాడు.

ఒక చిత్రమున బుడగ మనలను వణికింపగా, మరియొకదానిలో నవ్వించుటకు హేతువేమి? నేరముయొక్క గురుత్వమా? కాదు, లూయీ చేసిన హత్యలు తక్కువవి కావు. కరుణరసమునకు స్థాయి శోకము. ఆ శోకమునకు ఒక ఆశ్రయము కావలెను. 'ఎమ్' లో తల్లి అట్టి ఆశ్రయము. రెండవ చిత్రమున చచ్చినవారందరిదియు ఒకే ముఖమగుటచే వారు వ్యక్తులుగా మనసునకెక్కరు. భర్తను పోగొట్టుకొన్న ఎడిత్ దుఃఖించును గాని, ఆమెను ఓదార్చువాడు హంతకుడే యగుటచే ఆ దుఃఖమును పరిహాసమునకే తోడ్పడును. దర్శకుడు శోకమునకు చోటు లేకుండ చేసినాడు. అందుచేతనే మనము నవ్వగలిగితిమి.

అమెరికాలో 1934 నుండి కచ్చితముగా అమలు జరిగి 1968లో తొలగింపబడిన చలనచిత్ర నియమావళి నేరము ఫలింపరాదని విధించినది. దానికి లోబడి ఈ చిత్రముయొక్క అమెరికా ప్రతిలో, లూయీ చెరసాలలో మరచివచ్చిన ఆత్మకథ అధికారుల చేతిలో పడినట్లు ఒక చిన్న దృశ్యమును చేర్చిరి. ఈ చేర్పు హంతకునికి శిక్షను సమకూర్చినది. కాని అంతవరకు మనము నవ్విన నవ్వును వెనుకకు తీసికొనజాలలేదు. చిత్రముయొక్క నీతి ముగింపులో నుండదనుటకు ఇంతకంటె నిదర్శన మక్కరలేదు.

ఇక రెండవ జత. రాజకీయ కారణములచే హాలీవుడ్ బహిష్కరించిన జూల్స్ దస్సేన్ ఫ్రాన్సునకు వచ్చి 'రిఫిఫి' చిత్రమును తీసి, 1955లో కాన్ చిత్రోత్సవమున దర్శకత్వ బహుమానము నందినాడు. ఇందలి నగలదుకాణపు దోపిడి సుమారు అరగంటసేపు మాటలును సంగీతమును లేక సాగును. దొంగలు పై యంతస్తు నేలను తొలిచి, ఆ రంధ్రమునుండి గొడుగును దింపి విప్పి, రాలు పెల్లలు చప్పుడు కాకుండ అందులో పడునట్లు చేయుదురు. పనితనమున లోపము లేదు. లోపము మనుష్యులలో నున్నది. వారిలో నొకడు ఒక ఉంగరమును గాయని కిచ్చుటచే గుట్టు బయటపడి, తుదకు నలుగురును నశింతురు.

మారియో మొనిచెల్లి 1958లో ఇటలీలో తీసిన 'ఇ సోలితి ఇన్యోతి' ఇట్టి చిత్రములకు పరిహాసము. ఇందులోను గోడకు కన్నము వేయుదురు. తాకట్టు కార్యాలయములోనికి పోవలెనని వారు తొలిచిన గోడ అదే యింటి వంటగదిలోనికి తెరచుకొనును. దొంగలు అచ్చటనున్న పాస్తా, సెనగల వంటకము తిని వెడలిపోవుదురు. పనితనము విఫలమైనది, మనుష్యులు మిగిలిరి.

ఈ రెంటిలో ఏది నీతికి దగ్గర? గంభీరమైన 'రిఫిఫి' చూచునపుడు నగలు పోగొట్టుకొనువాని గోడు మన మనసున మెదలదు. దొంగల పని నెరవేరవలెనని ఊపిరి బిగబట్టి కోరుకొందుము. తేలికయైన రెండవ చిత్రమో, భార్య చెరలో నుండగా చంటిబిడ్డను సాకు టిబేరియో పేదరికమును మన కన్నులయెదుట నుంచును. ఆ ముఠాకు చెందిన కోజిమో సంచి లాగుకొనబోయి ట్రాముక్రింద పడి మరణించును. హాస్యమునకు కరుణ విరోధియని ఆలంకారికులు చెప్పినారు. కాని విరోధి రసములను పొందించు ఉపాయములను గూడ ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకమున నిరూపించినాడు. మొనిచెల్లి ఆ మరణమును పరిహసింపక, దానిచుట్టు నవ్వును కొంతసేపు ఆపినాడు. అందుచే ఆ తరువాతి నవ్వునకు అడుగున ఆకలి యున్నదని ప్రేక్షకునికి తెలియుచునే యుండును.

ఈ సమన్వయము మనకు క్రొత్తది కాదు. మృచ్ఛకటికము మూడవ అంకమున శర్విలకుడు కన్నపురూపమును గూర్చి శాస్త్రచర్చ చేయుచు, జందెమును కొలత్రాడుగా వాడును. మైత్రేయుడు నిద్రలో పలవరించుచు నగలమూటను దొంగచేతికే ఇచ్చును. ఇదంతయు హాస్యము. మేల్కొన్న చారుదత్తుడు కన్నపు సొగసును మెచ్చుకొనును. కాని పోయినవి వసంతసేన దాచుకొన్న సొమ్ములని తెలియగనే మూర్ఛిల్లును. దరిద్రుని మాట నమ్మువారెవరు? ధూత తన రత్నావళిని పంపవలసివచ్చును. శూద్రకుడు నవ్వించిన అంకములోనే ఆ నవ్వుయొక్క వెలను ఎవరు చెల్లింతురో చూపినాడు.

కావున నేరచిత్రమును విచారించువారు అది విషాదమా, హాస్యమా అని గాని, తుదకు శిక్ష పడినదా అని గాని అడుగుట చాలదు. నష్టపోయినవానికి ఆ చిత్రమున ముఖమున్నదా అని అడుగవలెను. ఈ ప్రశ్నకు 'ఎమ్' పూర్తిగా నిలుచును. 'రిఫిఫి' తన గాంభీర్యముతోనే దానిని తప్పించుకొనును. 'కైండ్ హార్ట్స్' దానిని తెలిసియే మరుగుపరచును. ఆనందింపవచ్చును గాని మరుగుపడినదేదో మరువరాదు. మొనిచెల్లి చిత్రము నవ్వుచునే దానికి బదులు చెప్పును. కేతన తెనిగించిన దశకుమారచరిత్రములోని అపహారవర్మ కథ మొదలుగా మన చోరకథలను ఈ దృష్టితో పరిశీలించుట పరిశోధక విద్యార్థులకు ఫలవంతమగునని మా విశ్వాసము.