ముప్పై ఆరు గంటల్లో ఊరికి ఏం చేయవచ్చు?

ఇంజనీరింగ్ చదివే పిల్లలున్న ఇళ్లలో "హ్యాకథాన్" అన్న మాట ఈపాటికి పరిచయమయ్యే ఉంటుంది. లేనివాళ్ల కోసం నాలుగు ముక్కలు చెబుతాను. హ్యాకర్ అంటే కంప్యూటర్లలో దొంగతనం చేసేవాడని పేపర్లు మనకు నేర్పాయి గానీ, కంప్యూటరు వాళ్లలో ఆ మాటకు మొదటినుంచీ ఉన్న అర్థం వేరు. ఎంతటి చిక్కుముడినైనా తన చేత్తో విప్పి చూస్తేగాని నిద్రపట్టని పనిమంతుణ్ణి అలా పిలుచుకునేవారు. దానికి మారథాన్ తోక తగిలించారు. 1999లో కెనడాలోని కాల్గరీలో ఓపెన్‌బీఎస్‌డీ అనే సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు ఒకచోట కూడి పనిచేసినప్పుడు ఈ పేరు వాడుకలోకి వచ్చింది. ఒకటి రెండు రోజులు జట్లుగా కూర్చుని, ఒక సమస్యకు పనికొచ్చే నమూనా తయారుచేయడం దీని పద్ధతి. ఆ సమస్య ఊరిదో, సర్కారు ఆఫీసుదో అయితే అది పౌర హ్యాకథాన్.

నేను మొరప్పూరువాణ్ణి. రైల్వే టికెట్ కౌంటర్ వెనక కూర్చుని రిటైరయ్యాను. మాది చిన్న ఊరైనా రైలుకు పాత చుట్టం. 1906లోనే ధర్మపురికి చిన్న రైలు ఇక్కడినుంచి బయలుదేరింది. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో అది మూతపడింది. సర్కారు సేవలు కౌంటర్‌కు ఇవతల ఒకలాగా, అవతల మరొకలాగా కనబడతాయని నాకు ఉద్యోగం నేర్పింది. అందుకే మా మేనకోడలు కాలేజీ హ్యాకథాన్‌కు పేరిచ్చానని చెప్పినప్పుడు, ఇది జనానికి ఏ మేరకు పనికొస్తుందో చూద్దామని కాస్త చదవడం మొదలుపెట్టాను.

మన దేశంలో దీన్ని పెద్ద ఎత్తున జరిపింది 2017లో. ఏప్రిల్ 1, 2 తేదీల్లో మొదటి స్మార్ట్ ఇండియా హ్యాకథాన్ పెట్టారు. 29 కేంద్ర శాఖలు 598 సమస్యలిచ్చాయి. దేశంలో 26 చోట్ల పదివేలమంది దాకా విద్యార్థులు ఏకబిగిన 36 గంటలు పనిచేశారు. జట్టుకు ఆరుగురు, అందులో ఒక్క అమ్మాయైనా ఉండి తీరాలి. ఈ నియమం పెట్టినవాళ్లకు నా నమస్కారం. అది లేకపోతే మా చెల్లెలు కూతుర్ని రాత్రిపూట కాలేజీలో ఉండనిచ్చేదా?

అయితే ఇలాంటి పోటీలకు ఒక పాత రోగముంది. 2008లో అమెరికా రాజధాని వాషింగ్టన్ నగరానికి సాంకేతిక అధికారిగా ఉన్న వివేక్ కుంద్రా (ఢిల్లీలో పుట్టినవాడే) నగరం దగ్గరున్న లెక్కలన్నీ బయటపెట్టి, వీటితో జనానికి పనికొచ్చేవి చేయండని పోటీ పెట్టాడు. ఖర్చు 50 వేల డాలర్లు, గడువు 30 రోజులు, వచ్చినవి 47 ప్రోగ్రాములు. ప్రపంచమంతా ఆహా అంది. ఆ పోటీ ఎక్కువకాలం నిలవలేదు. బహుమతి పుచ్చుకున్న కుర్రవాడు తన ఉద్యోగానికి తాను వెళ్లిపోతే, వాడు రాసిన ప్రోగ్రామును మర్నాడు ఎవరు చూస్తారు? మా రైల్వే రిజర్వేషన్ కంప్యూటర్లనే తీసుకోండి. కాన్సర్ట్ అనే సాఫ్ట్‌వేర్ 1994లో సికింద్రాబాద్‌లో మొదలై, దేశంలోని కేంద్రాలన్నీ ఒకటిగా ముడిపడేసరికి 1999 వచ్చింది. దాని వెనక జీతం తీసుకుని రోజూ కనిపెట్టుకుని ఉండే మనుషులున్నారు. ముప్పై ఆరు గంటల బిడ్డకు ఆ దిక్కు ఉండదు.

ఏదైనా నిలిచిందా అని వెతికితే బోస్టన్ కథ కనబడింది. అక్కడ చలికాలంలో మంచు మోకాలి లోతున పడి, నిప్పంటుకుంటే ఫైరింజన్ వాళ్లు నీళ్లు పట్టుకునే వీధి కుళాయిలు కప్పడిపోతాయి. 2011లో కోడ్ ఫర్ అమెరికా సంస్థ తరఫున ఆ నగరంలో పనిచేస్తున్న యువకుడొకడు ఒక చిన్న పటం తయారుచేశాడు. అందులో మీ వీధి కుళాయిని మీరు దత్తత తీసుకుని దానికి పేరు పెట్టుకోవచ్చు. మంచు తవ్వే బాధ్యత ఇక మీది. మీరు తవ్వకపోతే పక్కింటివాడు దాన్ని మీ దగ్గరనుంచి లాక్కోవచ్చు. ఇంతే. దాన్ని ఎవరైనా తీసుకుని మార్చుకోవచ్చునని విడిచిపెట్టడంతో, మంచు మొహమే ఎరగని హోనొలులు నగరం వాళ్లు పట్టుకుపోయారు. వాళ్ల బాధ సునామీ హెచ్చరిక సైరన్లు. వాటి బ్యాటరీలు దొంగలపాలవుతుంటే, సైరన్లను దత్తతకిచ్చారు. ఆ పటం గొప్పతనమంతా నాకు తెలిసి ఒక్కటే. కంప్యూటర్ చేయలేని పని, అంటే పార పట్టడం, అది మనిషికే వదిలేసింది.

తైవాన్‌వాళ్లది ఇంకో దారి. 2012లో అక్కడ గవ్‌జీరో అనే బృందం పుట్టింది. పోటీ లేదు, బహుమతులు లేవు. రెండు నెలలకోసారి కూడి, మొదలుపెట్టిన పనినే కొనసాగిస్తారు. 2020 ఫిబ్రవరిలో కరోనా భయంతో మాస్కులకు జనం పరుగులు పెట్టినప్పుడు, తైనాన్ ఊరి ప్రోగ్రామరు ఒకాయన ఏ దుకాణంలో మాస్కులున్నాయో చూపే పటం చేశాడు. జనం విరగబడి చూడటంతో పటం వాడకం చార్జీలు మోయలేనంత అయి ఆపేయాల్సి వచ్చింది. అప్పుడు మంత్రిగా ఉన్న ఆడ్రీ టాంగ్, తానూ ఆ బృందంతో పనిచేసిన మనిషే గనుక, మందుల షాపుల్లో మాస్కుల నిల్వ లెక్కను ఎప్పటికప్పుడు అందరికీ అందేలా సర్కారుచేత బయటపెట్టించారు. కొద్దిరోజుల్లోనే దానిమీద నూరుకు పైగా ప్రోగ్రాములు వచ్చాయి. కంటిచూపు లేనివాళ్లు మాటగా వినేవి కూడా అందులో ఉన్నాయి.

మాటగా వినడమన్నది మనవంటివాళ్లకు మరీ ముఖ్యం. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో తమిళం, ఇంగ్లీషు రాస్తారు. తెలుగు అక్షరం కనబడితే మన ముఖం చూస్తారు. హైదరాబాద్‌లో 2005లో మొదలైన స్వేచ్ఛ సంస్థవారు, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసేవారు, 2023లో వేలమంది ఇంజనీరింగ్ విద్యార్థులను కూడగట్టి, పాత తెలుగు కథల పేజీలను కంప్యూటర్ చదివే రూపంలోకి తెచ్చి తప్పులు దిద్దించారు. ఓజోన్‌టెల్ కంపెనీ తోడుతో దాన్నుంచి తెలుగులో కథ చెప్పే కంప్యూటర్ నమూనా తయారైంది. అందరూ అది చెప్పే కథల గురించి మాట్లాడుకున్నారు. నన్నడిగితే, ఆ కథల పేజీలు తప్పుల్లేకుండా ఒకచోట పోగుపడటమే అసలు ఆస్తి. అది ఇంకా వందపనులకు అక్కరకొస్తుంది.

ఇక మా ఊరి సంగతి.

ధర్మపురి జిల్లా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. నల్గొండవైపు చుట్టాలున్నవారికి దీని కష్టం విడమర్చి చెప్పనక్కర్లేదు. పళ్లమీద గార, ఆపైన కీళ్లు బిగుసుకుపోవడం. 2013లో హొగేనకల్ పథకం మొదలై కావేరి నీళ్లు రావడం పెద్ద మేలు. కానీ మా వీధికి ఆ నీళ్లు ఏ రోజు, ఏ వేళకు వస్తాయో ఒక లెక్క లేదు. కూలికి వెళ్లిన ఇంట్లో బిందె పట్టేవాళ్లు ఉండరు. ఆ పూట తప్పితే మళ్లీ బోరు నీళ్లే గతి.

మా అమ్మాయి జట్టు ఎంచుకున్న సమస్య ఇదే. ముందు వాళ్లు అనుకున్నది రంగురంగుల గ్రాఫులతో, ఇంగ్లీషులో ఒక యాప్. హ్యాకథాన్‌కు వారం ముందు దాన్ని మా వీధి కుళాయి దగ్గరికి తీసుకెళ్లాను. అక్కడున్న ఆవిడ ఫోన్ అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుందన్నా. మా ఇంట్లో ఇట్లాంటి ఫోన్ కొడుకుది, వాడు తిరుప్పూరులో ఉన్నాడు. నాది బటన్ల ఫోన్. నీళ్లొస్తే ఆ ఫోన్ మోగితే చాలు" అంది.

అమ్మాయి ఆ రాత్రి జట్టువాళ్లతో పోట్లాడి యాప్ ఆలోచన పక్కన పెట్టించింది. ఆ 36 గంటల్లో వాళ్లు చేసినది చాలా సాదా. ట్యాంక్ ఆపరేటర్ వాల్వు తిప్పి ఒక నంబరు నొక్కుతాడు. ఆ వీధి ఫోన్లన్నీ మోగుతాయి. "నీళ్లొస్తున్నాయి, గంటసేపు ఉంటాయి" అని గొంతు వినిపిస్తుంది. తమిళం కావలసినవాళ్లకు తమిళం, తెలుగు కావలసినవాళ్లకు తెలుగు. తెలుగు మాటను అమ్మాయి తమిళ లిపిలో రాసుకొచ్చి మా ఆవిడచేత చదివించి రికార్డు చేసింది. తెలుగు లిపి రాదుగా మరి.

బహుమతి రాలేదు. ఇందులో కృత్రిమ మేధ ఎక్కడుందని జడ్జీలు అడిగారట. "మామా, నీళ్లు పట్టుకోవడానికి మేధ ఎందుకు?" అని వచ్చి నా దగ్గర మండిపడింది. నేనేమంటాను? కాఫీ ఇచ్చి ఊరుకున్నాను. ప్రశ్న వేసేవాళ్లలోనూ, తీర్పు చెప్పేవాళ్లలోనూ బిందె పట్టే మనిషి ఒక్కరైనా ఉంటే ఆ పిల్ల ఉత్తచేతులతో వచ్చేది కాదని నా నమ్మకం.

అయినా రెండు వీధుల్లో నడిపి చూశారు, సొంత ఖర్చుతో. మొదటి పది రోజులూ బ్రహ్మాండంగా మోగింది. తరువాత మోగడం తగ్గింది. అమ్మాయి ఆదివారం ట్యాంకు దగ్గరికి వెళ్లి ఆపరేటర్‌ను అడిగితే, ఆయన తన అరచేతులు చూపించాడు. పాత వాల్వు, తుప్పు పట్టింది. తిప్పడానికి రెండు చేతులూ, ఒంట్లో బలమంతా కావాలి. తడి చేతులతో ఫోన్ తీసి ఏ నంబరని నొక్కేది, ఒకే పూట నాలుగు వాల్వులు తిప్పాలి కదా అన్నాడు. న్యాయమైన మాటే. ఇన్నాళ్లూ ఆయన్ను ఎవరూ అడగలేదు.

ఇప్పుడు పిల్లలు నీళ్లు గొట్టంలోకి రాగానే తనంతట తానే కబురు పంపే చిన్న పరికరం కోసం కుస్తీ పడుతున్నారు. నెలకు ఆ ఫోన్ల ఖర్చు ఎంతవుతుందో లెక్కగట్టి పంచాయతీకి ఒక అర్జీ రాశారు. దాన్ని దిద్దడం నా వంతు. మన సంఘం సభ్యుల పిల్లల్లో ఎలక్ట్రానిక్స్ తెలిసినవాళ్లెవరైనా చేయి కలుపుతామంటే రావచ్చు. ఆదివారం పొద్దున ఎనిమిదింటికి ట్యాంకు దగ్గరే ఉంటారు, ఆపరేటర్ కూడా ఉంటాడు. మధ్యాహ్నం భోజనం మా ఇంట్లో.