కల్లిపాడు అంటే ఏంటి? పల్నాటి వీరులకు కారంపూడి ఐదో రోజు ఎలా వీడ్కోలు చెబుతుంది?

కార్తీక మాసం వచ్చిందంటే ఎత్తిపోతల దగ్గర సందడే సందడి. 70 అడుగుల ఎత్తు నుంచి దూకే నీళ్లను ఫోన్లలో వీడియో తీసుకుని, అటు నుంచి అటే నాగార్జునసాగర్ వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. కానీ ఆ నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో ఒక్కసారి చూడండి. అది చంద్రవంక. మాచర్ల మీదుగా వచ్చి ఎత్తిపోతలలో దూకి కృష్ణలో కలుస్తుంది. మాచర్లలో ఆ ఏటి ఒడ్డునే చెన్నకేశవస్వామి గుడి ఉంది. పల్నాటి యుద్ధంలో ఒక పక్షానికి రాజధాని ఆ మాచర్లే.

ఆ యుద్ధం జరిగింది మాత్రం ఇదే జిల్లాలోని కారంపూడిలో. అక్కడ ఏటా కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజుల పాటు ఆ కథనంతా మళ్లీ నడిపిస్తారు. టికెట్ లేదు, తెర లేదు, మేకప్ అంతకన్నా లేదు. ఊరే రంగస్థలం. ఐదో రోజుతో ఆట ముగుస్తుంది. ఆ ముగింపు పేరే కల్లిపాడు.

అసలు కథ ఏంటి?

12వ శతాబ్దం నాటి మాట. పల్నాడు అన్నదమ్ముల మధ్య రెండుగా చీలింది. గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవరాజు. గురజాల వైపు మంత్రాంగం నడిపింది నాయకురాలు నాగమ్మ. మాచర్ల వైపు బ్రహ్మనాయుడు. ఇద్దరూ పంతం పట్టి కోడిపందెం వేశారు. ఓడినవాళ్లు ఏడేళ్లు రాజ్యం వదిలి పోవాలన్నది షరతు. మాచర్ల వాళ్లు ఓడిపోయి వలస వెళ్లారు. గడువు తీరాక రాజ్యం తిరిగి ఇమ్మని అడగడానికి రాయబారిగా వెళ్లిన అలరాజు విషప్రయోగానికి బలయ్యాడు. ఇక యుద్ధం తప్పలేదు.

ఈ కథను 15వ శతాబ్దంలో శ్రీనాథుడు ద్విపదలో రాశాడన్నది ప్రసిద్ధి. సినిమాగా రెండుసార్లు వచ్చింది. 1947లో కన్నాంబ నాగమ్మగా, అక్కినేని బాలచంద్రుడిగా నటించారు. 1966లో ఎన్టీఆర్ బ్రహ్మనాయుడు, భానుమతి నాగమ్మ. అయితే సినిమాలకు, పుస్తకాలకు ముందే ఈ కథ పాటగా ఉంది. కారంపూడిలో ఆడేది ఆ పాటనే.

ఐదు రోజులు.. ఐదు ఘట్టాలు

మొదటి రోజు రాచగావు. వీరుల వారసులమని చెప్పుకునే ఆచారవంతులు తమ తమ వీరుల ఆయుధాలతో కారంపూడి చేరుకుంటారు. ఈ ఆయుధాలను కొణతాలు అంటారు. పల్నాడు నుంచే కాదు, ఇతర జిల్లాల నుంచి, తెలంగాణ నుంచి కూడా వస్తారు. నాగులేరులో ఆయుధాలకు స్నానం చేయించి వీరుల గుడికి తీసుకొస్తారు.

రెండో రోజు రాయబారం. అలరాజు సంధికి వెళ్లిన ఘట్టం. మూడో రోజు మందపోరు. వలసలో ఉన్నవాళ్ల పశువుల మంద మీద జరిగిన దాడి ఇది. ఆ సందర్భంలోనే చాపకూడు ఉంటుంది. అన్ని కులాల వాళ్లూ ఒకే చాప మీద కూర్చుని తినాలని బ్రహ్మనాయుడు పెట్టిన పద్ధతి అది. దళితుడైన కన్నమదాసును ఆయన కొడుకుగా చేరదీసి సేనాపతిని చేశాడని కథ చెబుతుంది.

నాలుగో రోజు కోడిపోరు. నాగమ్మ, బ్రహ్మనాయుడి పుంజుల మధ్య పందెం. ఐదో రోజు కల్లిపాడు.

వరసలో ఒక విశేషం ఉంది.. గమనించారా?

కథలో కోడిపందెం ముందు జరుగుతుంది. ఆ తర్వాతే వలస, మందపోరు, రాయబారం, యుద్ధం. కారంపూడి ఉత్సవంలో మాత్రం కోడిపోరు నాలుగో రోజున వస్తుంది. అంటే సరిగ్గా కల్లిపాడుకు ముందు రోజు.

అందువల్ల ఏం జరుగుతుందంటే, చూసేవాళ్ల కళ్ల ముందు ఇవాళ పందెం, తెల్లవారితే చావులు. మధ్యలో ఏడేళ్ల గడువు లేదు, బుజ్జగింపులు లేవు. రెండు పుంజుల మీద పెట్టుకున్న పంతం ఎంతమంది ప్రాణాల మీదకు తెచ్చిందో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ రెండు రోజులు పక్కపక్కన నిలబడి వాటంతట అవే చెబుతాయి.

కల్లిపాడు రోజు ఏం జరుగుతుంది?

కల్లిపాడు యుద్ధభూమికి గుర్తు. ఆయుధాలు పట్టుకున్న ఆచారవంతులు అక్కడికి కదులుతారు. వీరులు పోరాడి నేలకొరిగిన ఘట్టంతో ఐదు రోజుల కథ పూర్తవుతుంది.

మామూలు నాటకమైతే చివర్లో మంగళం పాడతారు. పాత్రధారులంతా వరసగా నిలబడి దండం పెడతారు. చచ్చినవాడు కూడా లేచి నవ్వుతాడు. జనం చప్పట్లు కొట్టి ఇళ్లకు పోతారు. కారంపూడిలో వీడ్కోలు వేరు. ఇక్కడ ఆయుధం పట్టినవాడు వేషగాడు కాదు. తన ఇంటి పెద్దను తనే మోసుకొచ్చానని నమ్మేవాడు. ఆ పెద్ద ఒరిగిపోయాడని ఏటా ఒకసారి ఒప్పుకుని, కొణతం తీసుకుని మళ్లీ తన ఊరికి బయల్దేరతాడు. ఏ ఊరి వాళ్లు ఆ ఊరికి విడిపోతారు. మళ్లీ కలిసేది వచ్చే కార్తీక అమావాస్యకే.

వీడ్కోళ్లు ఈ కథకు కొత్త కాదు. బాలచంద్రుడు యుద్ధానికి పోయే ముందు భార్య మాంచాల దగ్గరికి వస్తాడు. తిరిగి రాడని తెలిసీ ఆమె సాగనంపుతుంది. పల్నాట ఎన్నిసార్లు విన్నా జనం కంట తడి పెట్టే ఘట్టం అది.

ఇంతకీ గెలిచిందెవరు?

ఇదే అసలు ప్రశ్న. కల్లిపాడు రోజు కారంపూడిలో ఎవరికీ విజయోత్సవం జరగదు. ఎందుకంటే కథలో గెలిచినవాళ్లే లేరు. ఒక తరం మగపిల్లలు రణంలో పోయారు. కొడుకు బాలచంద్రుడిని పోగొట్టుకున్న బ్రహ్మనాయుడు చివరికి గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడని, ఇప్పటికీ అక్కడే తపస్సులో ఉన్నాడని జనం నమ్మకం. పిడుగురాళ్ల దగ్గర ఉన్న ఆ బిలానికి ఇప్పటికీ భక్తులు వెళ్తారు. నలగామరాజుకు మిగిలిన రాజ్యంలో ఏలడానికి జనమే కరువయ్యారు.

ఇప్పుడు దీని గురించి ఎందుకు?

పల్నాడు పేరు చెప్పగానే చాలామందికి గుర్తొచ్చేది గొడవలే. 2024 మే 13న పోలింగ్ రోజు మాచర్ల, నరసరావుపేట ప్రాంతాల్లో జరిగిన హింస దేశమంతా టీవీల్లో చూసింది. జిల్లాలో 144 సెక్షన్ పెట్టారు. ఎన్నికల సంఘం జిల్లా ఎస్పీని సస్పెండ్ చేసింది. అలాంటప్పుడల్లా 'ఇది పల్నాటి పౌరుషం' అనే డైలాగ్ ఒకటి తిరుగుతుంటుంది.

కానీ కారంపూడి వాళ్లు తరతరాలుగా ఆడుతున్న కథ ఆ డైలాగ్‌కు ఎదురు జవాబు. అందులో పౌరుషం ఉంది, నిజమే. దాంతో పాటు ఒకే చాప మీద అన్నం ఉంది. సంధికి వెళ్లి చనిపోయిన మనిషి ఉన్నాడు. చివర్లో అందరూ పోయాక మిగిలిన ఖాళీ నేల ఉంది. కోడిపోరు చూసి కల్లిపాడు చూడకుండా వెళ్లిపోయినవాడికి మాత్రమే ఇది పంతం కథలా కనిపిస్తుంది.

పాడే గొంతు మిగలాలి

ఈ ఐదు రోజులకు ప్రాణం వీరవిద్యావంతులు. దళిత కుటుంబాల నుంచి వచ్చిన ఈ గాయకులే వీరుల కథను తరం నుంచి తరానికి నోటి మీదుగా నిలబెట్టారు. అమెరికా పరిశోధకుడు జీన్ రోఘైర్ పల్నాటికి వచ్చి, సంప్రదాయ గాయకుడు పాడిన కథను రికార్డు చేసి, 1982లో ఇంగ్లిష్‌లో పుస్తకంగా తెచ్చాడు. అలా బయటి ప్రపంచానికి ఈ కథ తెలిసింది.

అయితే పుస్తకం వేరు, గొంతు వేరు. రాత్రంతా కథ చెప్పగలిగేవాడి పక్కన కూర్చుని నేర్చుకునే పిల్లవాడు ఉంటేనే ఈ విద్య నిలుస్తుంది. ఆయుధాన్ని గుడిలో దాచుకోవచ్చు. కథను అలా దాచలేం.

కాబట్టి ఈసారి కార్తీకంలో ఎత్తిపోతల ప్లాన్ ఉంటే, అమావాస్య తేదీ ఒకసారి చూసుకోండి. నీళ్లు చూశాక కారంపూడి కూడా వెళ్లండి. కోడిపోరుకు జనం ఎలాగూ వస్తారు. వీలైతే ఇంకొక్క రోజు ఆగి, కల్లిపాడు చూసి రండి.