హెర్బీ హాన్‌కాక్: పియానో, ఎలక్ట్రానిక్ ధ్వనుల మేళవింపు

జాజ్ సంగీతానికి ఆశుకల్పన ప్రాణం. కళాకారుడు తోటివారు వాయించేది వింటూ అప్పటికప్పుడు స్వరాలు అల్లుతాడు. 1960ల చివర ఈ సంగీతంలోకి ఎలక్ట్రానిక్ వాద్యాలు వచ్చినప్పుడు ఒక ప్రశ్న తలెత్తింది: కరెంటుతో పలికే ధ్వనిలో ఆ ప్రాణం నిలుస్తుందా? అమెరికన్ పియానో విద్వాంసుడు హెర్బీ హాన్‌కాక్ కృషి ఆధారంగా దీనిని పరిశీలిద్దాం.

నేపథ్యం

హాన్‌కాక్ 1940లో చికాగోలో జన్మించారు. పదకొండేళ్ల వయసులోనే చికాగో సింఫనీ వాద్యబృందంతో మోట్సార్ట్ రచనను వాయించారు. గ్రిన్నెల్ కళాశాలలో మొదట ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి, తర్వాత సంగీతానికి మారారు. 1963లో మైల్స్ డేవిస్ బృందంలో చేరారు. 1965 నాటి ఆయన ఆల్బమ్ 'మెయిడెన్ వాయేజ్'లో వినిపించేది మామూలు పియానోయే. ఎలక్ట్రిక్ పియానో వాయించమని ఆయనను ప్రోత్సహించింది డేవిస్.

వాద్యాల మధ్య తేడా

పియానో మెట్టు నొక్కితే లోపలి సుత్తి తీగను కొడుతుంది. ఆ కంపనాన్ని చెక్కపలక పెద్దది చేస్తుంది. ఫెండర్ రోడ్స్ అనే ఎలక్ట్రిక్ పియానోలో సుత్తి సన్నని లోహపు కడ్డీని కొడుతుంది. పక్కనున్న అయస్కాంతం, తీగచుట్ట ఆ కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మారుస్తాయి. వేలి బలంలోని తేడా ఇందులోనూ వినిపిస్తుందని గమనించాలి. సింథసైజర్‌లో తీగగాని, కడ్డీగాని ఉండదు. ధ్వని విద్యుత్ వలయాలలోనే పుడుతుంది. అయితే దీనిలో స్వరాన్ని జార్చవచ్చు, వంచవచ్చు. పియానోకు, మన హార్మోనియంకు ఆ వీలు లేదు.

మేళవింపు

1972లో వెలువడిన 'క్రాసింగ్స్'లో హాన్‌కాక్ పియానో, ఎలక్ట్రిక్ పియానో రెండూ వాయించగా, పాట్రిక్ గ్లీసన్ సింథసైజర్ ధ్వనులు జోడించారు. 1973 నాటి 'హెడ్ హంటర్స్'లోని 'కమీలియన్' మంద్రస్థాయి పల్లవితో మొదలవుతుంది. అది బేస్ గిటార్ కాదు, సింథసైజర్. అదే రచనలో తర్వాత రోడ్స్ మీద ఆశుకల్పన సాగుతుంది. ఈ ఆల్బమ్ పది లక్షలకు మించి అమ్ముడైంది. ఆయన జాజ్‌ను వదలి బజారు సంగీతం వైపు వెళ్లారని కొందరు విమర్శించారు.

ఈ విమర్శను తూచడానికి ఒక్క 1978 సంవత్సరం చాలు. ఆ ఏడాది 'సన్‌లైట్' ఆల్బమ్‌లో వోకోడర్ అనే పరికరంతో గొంతును యంత్రధ్వనిగా మార్చి వినిపించారు. అదే ఏడాది చిక్ కొరియాతో కలిసి కేవలం రెండు పియానోలతో కచేరీలు చేశారు. అంటే కొత్తదాని కోసం పాతదాన్ని వదులుకోలేదు. చెప్పదలచిన దానికి తగిన ధ్వనిని ఎంచుకున్నారు.

సారాంశం

ధ్వని తీగలో పుట్టిందా, వలయంలో పుట్టిందా అన్నది కొలబద్ద కాదు. వాయించేవాడు ఇతరులను వింటున్నాడా, ఆ క్షణంలో కొత్తగా ఆలోచిస్తున్నాడా అన్నదే కొలబద్ద. విమర్శకుల ప్రశ్న అనవసరమైనదని కాదు. యంత్రం వాయిస్తుంటే మనిషి ఊరకుండిపోయే ప్రమాదం ఉంది. హాన్‌కాక్ ఉత్తమ రచనల్లో ఆ ప్రమాదం కనబడదు.

అభ్యాసం

'మెయిడెన్ వాయేజ్', 'కమీలియన్' రచనలను వెంటవెంటనే వినండి. ధ్వనిలో మారినదేమిటో, వాయించే పద్ధతిలో మారనిదేమిటో పది వాక్యాలలో రాయండి.