కాపడానికి ఏ గుడ్డ మంచిది?

నాట్లు వేసిన రోజు రాత్రి నడుం పట్టేస్తుంది. మోకాళ్లు లాగుతాయి. అప్పుడు మన ఇళ్లల్లో ఉప్పు మూటతో కాపడం పెడతారు. ఇది మంచి అలవాటే. వేడి తగిలితే బిగుసుకున్న కండ వదులవుతుంది. నొప్పి తగ్గుతుంది.

మరి ఆ మూట ఏ గుడ్డతో కట్టాలి? చేతికందిన గుడ్డ కట్టేస్తే ప్రమాదం. ఎందుకో చూద్దాం.

నూలు గుడ్డ పత్తి నుంచి వస్తుంది. అది వేడికి కరగదు. వేడి మరీ ఎక్కువైతే మాడుతుంది. పాలిస్టరు, నైలాను గుడ్డలు ప్లాస్టిక్ లాంటివి. అవి కరుగుతాయి. నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. పాలిస్టరు సుమారు 250 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మంట మీద మూకుడులో ఉప్పు అంత వేడీ ఎక్కగలదు. కరిగిన గుడ్డ ఒంటికి అంటుకుంటే ఊడిరాదు. చర్మం లోతుగా కాలుతుంది.

ఏది నూలో ఎలా తెలుస్తుంది?

గుడ్డలోంచి నిలువు పోగు ఒకటి, అడ్డం పోగు ఒకటి లాగండి. పట్టకారుతో పట్టుకుని, అగ్గిపుల్లతో అంటించండి. కాగితం కాలిన వాసన వచ్చి, మెత్తని బూడిద మిగిలితే అది నూలు. పోగు ముడుచుకుపోయి, గట్టి పూసలా అయితే అది పాలిస్టరు. టెరికాటన్‌లో రెండూ కలిసి ఉంటాయి. అదీ వద్దు.

మూట ఎలా కట్టాలి?

పాత నూలు చీర ముక్క గానీ, పంచె ముక్క గానీ తీసుకోండి. అది ఉతికి, బాగా ఆరినదై ఉండాలి. జరీ అంచు, హుక్కులు, బొత్తాలు తీసెయ్యండి. గుడ్డ రెండు మడతలు వెయ్యండి. సంచీలా కుడితే దారం కూడా నూలుదే వాడండి. ఉప్పును మూకుడులో విడిగా వేడి చెయ్యండి. రాళ్ల ఉప్పు చిటపట పేలుతుంది, మొహం దూరంగా పెట్టండి. కాస్త చల్లారాక మూట కట్టండి. ముందు మీ ముంజేతికి తాకించి చూడండి. చురుక్కుమంటే ఇంకాసేపు ఆగండి.

ఎవరికి పెట్టకూడదు?

షుగరు జబ్బు ఉన్న కొందరికి పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. కాలుతున్నా తెలియదు. అలాంటి పాదాలకు కాపడం వద్దు. పసిపిల్లల చర్మం పలచన. కాలుతోందని వాళ్లు చెప్పలేరు. వాళ్లకూ వద్దు. కడుపునొప్పితో పాటు జ్వరం, వాంతులు ఉంటే కాపడం పెట్టకండి. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

పాలిస్టరు చీర తొందరగా ఆరుతుంది. చాలాకాలం మన్నుతుంది. కట్టుకోవడానికి బాగుంటుంది. కాపడానికి మాత్రం అమ్మమ్మ కట్టి విడిచిన పాత నూలు చీరే మేలు. ఈసారి అలాంటి చీర కనిపిస్తే మసిగుడ్డలు చేసెయ్యకండి. ఒక ముక్క దాచి ఉంచండి.