పిడికెడు మట్టి, జోడెద్దులు

జ్యేష్ఠం ఇంకో రెండు రోజుల్లో వెళ్లిపోతుందనగా గట్టు మండలంలోని పల్లెల్లో అరుగులన్నీ పిల్లల పాలవుతాయి. ఒకరు తడి మట్టిని పలక మీద దబదబ బాదుతుంటారు. ఇంకొకరు అందులోని రాళ్లు ఏరుతుంటారు. అన్న చేసిన ఎద్దుకు మూపురం మరీ పెద్దదైందని చెల్లెలు పేచీ పెడుతుంది. "అవ్వా, కొమ్ము నిలుస్తలేదు" అని లోపలికి ఒక కేక పోతే, "తడి చేయి పెట్టి అదుమురా" అని బియ్యం చెరుగుతున్న చోటి నుంచే జవాబొస్తుంది. అమావాస్య నాటికి ప్రతి ఇంటికీ ఒక జత ఎద్దులు కావాలి మరి.

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నేల కాబట్టి ఈ సీమకు నడిగడ్డ అని పేరు. గట్టు దాని పడమటి అంచు. ఆ పక్కన కర్ణాటకలోని రాయచూరు జిల్లా. పండుగలకు రాష్ట్రాల సరిహద్దు అడ్డు కాదు. అక్కడ మణ్ణెత్తిన అమావాసె అంటే, ఇక్కడ ఎద్దుల అమావాస్య, మట్టెద్దుల అమావాస్య అంటారు. అంతకు పదిహేను రోజుల ముందు ఏరువాక పున్నమి వస్తుంది. ఆ రోజు నిజమైన ఎద్దులది. కడిగి, కొమ్ములకు రంగులేసి, ఊరేగిస్తారు. అమావాస్య మాత్రం పూర్తిగా మట్టి ఎద్దులది, అంటే పిల్లలది.

చాంద్రమానం ప్రకారం వచ్చే పండుగ కాబట్టి తేదీ ఏటా జరుగుతుంటుంది. 2024లో జూలై 5, 2025లో జూన్ 25, అధిక జ్యేష్ఠం పడిన 2026లో జూలై 14. ఎండలు తగ్గి, తొలకరి పడి, బడులు తెరిచిన కొత్తలో అన్నమాట. పట్నాల్లో ఎండాకాలం కళా శిబిరాలు ముగిసిపోయాక ఈ పల్లెల్లో అసలు శిబిరం మొదలవుతుంది. దీనికి ఫీజు ఉండదు, గురువు విడిగా ఉండడు. ఇంట్లో ఎవరికి చేతనైతే వాళ్లే నేర్పుతారు.

ఎద్దును చేయడం చూసినంత సులువు కాదు. ముందు మట్టి కుదరాలి. ఎర్ర చెలకలో ఇసుక పాలు ఎక్కువ, ముద్ద చేస్తే విడిపోతుంది. నల్లరేగడి జిగురుగా సాగుతుంది, కానీ ఆరేటప్పుడు మోసం చేస్తుంది. రేగడి బంకమన్ను రేణువులు పలుచని పొరల్లాంటివి. నీళ్లు ఆ పొరల మధ్యకు చేరితే మట్టి ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుపోతుంది. ఎండాకాలంలో రేగడి చేలు చేయి దూరేంతగా నెర్రెలు విచ్చేది ఇందుకే. చేనుకు జరిగేదే అరుగు మీది ఎద్దుకూ జరుగుతుంది. సన్నని కొమ్ము ముందు ఆరి ముడుచుకుంటుంది, లావుపాటి తల ఇంకా తడిగానే ఉంటుంది. రెండూ కలిసే చోట పగులు వస్తుంది. అందుకే తెలిసినవాళ్లు చెరువు అడుగు ఒండ్రు తెస్తారు, లేదంటే రేగడిలో కాస్త ఇసుక కలుపుతారు. ముందు రోజే నానబెట్టి, గోనెపట్టా కప్పి, బాగా పిసికి మెత్తన చేస్తారు.

ఆ పైన ఒంటి పని. కందగడ్డంత ముద్దను చేతుల మధ్య దొర్లించి, కాళ్లను ఆ ముద్దలోంచే లాగాలి. విడిగా అంటిస్తే బరువుకు ఊడిపోతాయి. రెండు వేళ్లతో గిల్లినట్టు పట్టి పైకి లాగితే మూపురం లేస్తుంది. మెడ కింద బొటనవేలితో నొక్కితే గంగడోలు దిగుతుంది. కొమ్ముల్లో చీపురు పుల్ల ముక్క దూర్చి నిలబెట్టడం, కళ్లకు జొన్న గింజలు అద్దడం, చివరికి తడి గుడ్డతో ఒళ్లంతా నిమరడం. ఆ తర్వాత నీడన ఆరబెట్టాలి. తొందరపడి ఎండలో పెట్టిన పిల్లాడికి సాయంత్రానికల్లా తల తెగిన ఎద్దు మిగులుతుంది. మరుసటేడు వాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

మేత తినడానికి ముందొక గాడి, మెడలో పూసల పట్టెడ, వీపున రంగు కాగితం, భుజాల మీద పుల్లతో కాడి, ఇవన్నీ చేసేవాళ్ల ఓపికను బట్టి చేరతాయి. పండుగ నాడు జతను దేవుని గూట్లో పెట్టి, పసుపు కుంకుమ అద్ది, తీపి వంట నైవేద్యం పెడతారు. పూజ పెద్దలదే అయినా, ఎవరి ఎద్దు బాగుందో చూసుకోవడానికి ఇల్లిల్లూ తిరిగేది పిల్లలే.

ఉత్తర కర్ణాటక పల్లెల్లో ఈ తిరుగుడు ఇంకో ముచ్చటగా సాగుతుంది. పిల్లలు ఒక కుంటి ఎద్దును చేసి పళ్లెంలో పెట్టుకుని, దానికి జొన్నలు వేయమంటూ ఇంటింటా పాడుకుంటూ తిరుగుతారు. కుంటిదానికీ గింజలు దక్కే ఆ ఆట తలచుకుంటే మనసు నిండుతుంది. అక్కడ మట్టిపూజల వరుస కూడా పెద్దది. ఎద్దులతో మొదలై ఆషాఢంలో గుళ్ళవ్వ, శ్రావణంలో నాగప్ప, భాద్రపదంలో గణప్ప, జోకుమారుడు, మొత్తం ఐదు మట్టి బొమ్మలు. వాన మొదలైన నాటి నుంచి పంట ఎదిగేదాకా పిల్లల వేళ్లకు మట్టి తడి ఆరదు. నాగపూర్ వైపు ఎద్దుల పండుగైన పోళా మరునాడు పిల్లల కోసం తాన్హా పోళా జరుగుతుంది. అక్కడ చక్రాలున్న కొయ్య ఎద్దులను లాక్కుంటూ పిల్లలు ఊరేగుతారు. ఛత్తీస్‌గఢ్‌లో అదే పండుగకు మగపిల్లలకు మట్టి ఎద్దులు, ఆడపిల్లలకు మట్టి వంట సామాన్లు ఇస్తారు. గట్టు పల్లెల అరుగుల మీద ఆ తేడా కనిపించదు. ముద్ద పిసికే చేతుల్లో గాజుల చేతులూ ఉంటాయి.

ఈ నేలలో ఎద్దు బొమ్మ ఎంత పాతదో తెలిస్తే పిల్లల చేతిలోని ముద్ద మరోలా కనిపిస్తుంది. మక్తల్ ప్రాంతంలోని ఉట్నూరులో 1957లో పురాతత్వవేత్త ఫ్రాంక్ ఆల్చిన్ ఒక బూడిద దిబ్బను తవ్వించాడు. నాలుగు వేల ఏళ్లకు పైబడిన పశువుల దొడ్డి అది. పేడ పోగుపడి, మళ్లీ మళ్లీ కాలిపోయి దిబ్బగా మారింది. ఆ బూడిద పొరల్లో పశువుల గిట్టల అచ్చులు అలాగే నిలిచి ఉన్నాయి. రాయచూరు జిల్లాలోని పిక్లిహాల్ బండల మీద మూపురం ఎద్దుల బొమ్మలున్నాయి. వాటిలో కొమ్ముల వంపు, మూపురం ఎత్తు తప్ప మరో వివరం పెద్దగా ఉండదు. ఎనిమిదేళ్ల పిల్ల అరుగు మీద చేసే ఎద్దులోనూ ముందుగా కుదిరేవి ఆ రెండే.

ఇప్పుడు దుక్కి చాలామటుకు ట్రాక్టరుది. దొడ్డిలో ఎద్దు లేని ఇళ్లే ఎక్కువ. అయినా గూట్లో మట్టి జత తప్పడం లేదు. కాకపోతే చేయడం తగ్గి కొనడం పెరుగుతోంది. కుమ్మరుల దగ్గర కొంటే వాళ్లకు నాలుగు రూపాయలు దక్కుతాయి, అది మంచిదే. కానీ కొన్న జత పక్కన పిల్లలు చేసిన వంకర జత కూడా ఉండాలి. అది లేని ఇంట్లో పండుగ సగమే జరిగినట్టు.

ఇంకో సంగతి చెప్పకపోతే గట్టు గురించి రాసినట్టు కాదు. ఈ చుట్టుపక్కల మండలాల్లో విత్తన పత్తి ముఖ్యమైన పంట. అమావాస్య దాటిన కొన్ని వారాలకే చేలల్లో క్రాసింగ్ మొదలవుతుంది. సాయంత్రం ఆడ మొక్క మొగ్గలను ఒలిచి పుప్పొడి కాడలు తీసేయాలి. పొద్దున్నే మగ పువ్వు తెచ్చి కీలాగ్రానికి రుద్దాలి. ఒక్కో పువ్వుకూ చేత్తోనే, వారాల తరబడి. ఈ పనికి బడి మాన్పించి పిల్లలను పంపడం గురించి పరిశోధకులు, బాలల హక్కుల సంఘాలు ఏళ్ల తరబడి రాస్తూనే ఉన్నారు. 2016లో సవరించిన బాల కార్మిక చట్టం పద్నాలుగేళ్లలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోకూడదంది. బడి వేళలు పోగా సొంత కుటుంబానికి సాయపడడాన్ని మాత్రం మినహాయించింది. ఆ మినహాయింపు సందులోంచి చేలోకి జారిపోయే పిల్లలు ఉన్నారు.

మూపురం లాగే వేళ్లూ, మొగ్గ ఒలిచే వేళ్లూ ఒకటే. మొదటి పనిలో వేలు ఎటు కదలాలో పిల్ల ఇష్టం. తప్పు చేస్తే ముద్ద చేసి మళ్లీ మొదలుపెట్టొచ్చు. రెండో దానిలో ఎన్ని పూలయ్యాయన్నదే లెక్క. ఇక్కడి బడులు అమావాస్య వారంలో ఒక పూట వరండాను మట్టికి వదిలేస్తే బాగుంటుంది. చెరువు ఒండ్రు ఒక బుట్ట, నీళ్లు ఒక బకెట్, నేర్పడానికి ఊళ్లోని ఇద్దరు అవ్వలు, ఒక కుమ్మరి తాత. సైన్సు మాస్టారు రేగడి ఎందుకు పగులుతుందో అక్కడే చెప్పొచ్చు, సోషల్ టీచరు ఉట్నూరు గిట్టల గురించి చెప్పొచ్చు.

పండుగ అయ్యాక జతను తులసికోట దగ్గరో, చెట్టు మొదట్లోనో పెడతారు. కాల్చని మట్టి కాబట్టి నాలుగు జల్లులు పడేసరికి కొమ్ములు కరుగుతాయి, తర్వాత తల, చివరికి మూపురం. అక్కడ నాలుగు జొన్న గింజలు మిగులుతాయి. తడి నిలిస్తే కొన్నిచోట్ల అవి మొలకెత్తుతాయి కూడా. అరుగు మూలన గోనెపట్టా కింద ఇంకో ముద్ద దాచి ఉంటుంది, నాగుల పండుగకు.