తలుపున్న పెట్టె

కంప్యూటర్‌లోకి తెలుగు సింహద్వారం గుండా రాలేదు. పెట్టె మూత విప్పితే కనిపించే ఒక ఖాళీ స్లాట్‌లోంచి వచ్చింది. 1980లలో ఐఐటీ కాన్పూర్‌లో పరిశోధనగా మొదలై, తర్వాత పుణేలోని సీడాక్ చేతిలో అమ్మకపు సరుకైన జిస్ట్ కార్డు సంగతి ఇది. ఐబీఎం తరహా పీసీ మూత తీసి, మదర్‌బోర్డు మీద ఖాళీగా ఉన్న స్లాట్‌లో ఆ కార్డు గుచ్చితే, అంతవరకూ ఇంగ్లీషు తప్ప ఎరగని డాస్ తెర మీద తెలుగు, హిందీ, తమిళ అక్షరాలు కనిపించేవి. ఆ పీసీ తయారుచేసిన వాడికి తెలుగు అనే భాష ఒకటుందని తెలిసి ఉండనక్కర్లేదు. స్లాట్ వదిలాడు, అంతే. మిగతాది వేరేవాళ్ళు చూసుకున్నారు.

ఈ సంగతి తెలిసినప్పట్నుంచీ కంప్యూటర్ల చరిత్ర చదివేటప్పుడు నా కన్ను ప్రాసెసర్ వేగం మీద కంటే స్లాట్‌ల మీదే పడుతుంది. అలా చూస్తే యాపిల్ కంపెనీ డెస్క్‌టాప్ యంత్రాల కథంతా ఇద్దరు స్నేహితుల మధ్య వచ్చిన ఒక తగాదాకి కొనసాగింపులా ఉంటుంది. 1977 నాటి యాపిల్ టూ తయారవుతున్నప్పుడు స్టీవ్ జాబ్స్, ప్రింటర్‌కొకటి మోడెమ్‌కొకటి రెండు స్లాట్‌లు చాలన్నాడు. స్టీవ్ వోజ్నియాక్ ఎనిమిది ఉండాల్సిందేనని పట్టుబట్టాడు. వోజ్నియాక్ మాటే నెగ్గింది. ఆ ఎనిమిది స్లాట్‌ల కోసం ఎవరెవరో ఏవేవో కార్డులు చేసి అమ్ముకున్నారు. మైక్రోసాఫ్ట్ వారి మొట్టమొదటి హార్డ్‌వేర్ సరుకు, 1980 నాటి సాఫ్ట్‌కార్డ్, వాటిలో ఒకటి.

మెకింతాష్ దగ్గరికొచ్చేసరికి జాబ్స్ పంతం నెగ్గించుకున్నాడు. 1984 జనవరి 24న బయటికొచ్చిన ఆ యంత్రానికి ఒక్క స్లాట్ కూడా లేదు. 128 కిలోబైట్ల మెమొరీని బోర్డుకి అతికించేశారు. పెట్టె విప్పాలంటే మామూలు స్క్రూడ్రైవర్ పనికిరాదు, పొడవాటిది, కొస నక్షత్రంలా ఉండేది ప్రత్యేకంగా సంపాదించుకోవాలి. మరుసటేడు జాబ్స్ కంపెనీ వదిలాడు. 1987లో వచ్చిన మెకింతాష్ టూకి ఆరు స్లాట్‌లు పెట్టారు. మూసెయ్యడం, మళ్ళీ తెరవడం అనే ఈ వరస అప్పుడు మొదలైంది. ఇప్పటికీ తెగలేదు.

1985లో ఆల్డస్ కంపెనీ పేజ్‌మేకర్, యాపిల్ లేజర్‌రైటర్ ప్రింటరు కలిసి మెకింతాష్‌ని అచ్చు యంత్రం పక్కన కూర్చోబెట్టాయి. సీసం అక్షరాలు పేర్చే పని తెర మీదకొచ్చింది. ఆ విద్య మా కోనసీమలోని అమలాపురం, రాజోలు, కొత్తపేటల డీటీపీ షాపులదాకా వచ్చేసరికి మెకింతాష్ దారిలోనే ఉండిపోయింది. విండోస్ పీసీ, పేజ్‌మేకర్, అను ఫాంట్లు, ఈ మూడూ ఉంటే శుభలేఖా అయిపోయేది, తీర్థం కరపత్రమూ అయిపోయేది. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. ఆల్డస్‌ని అప్పటికే కొనేసిన అడోబీ దాన్ని అక్కడితో ఆపేసింది. హైదరాబాద్‌లో పుట్టిన శంతను నారాయణ్ 2007లో అడోబీ పగ్గాలు పట్టేనాటికి పేజ్‌మేకర్‌కి తాళం పడిపోయే ఉంది. మన షాపుల్లో మాత్రం ఆ తాళం సంగతి చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు.

అసలు కథ జాబ్స్ 1997లో తిరిగొచ్చాక మొదలవుతుంది. విచిత్రమేమిటంటే, స్లాట్‌లంటే గిట్టని ఆ మనిషి హయాంలోనే యాపిల్ అతి చక్కగా తెరుచుకునే పెట్టెలు చేసింది. 1999 నాటి నీలం తెలుపు పవర్‌మ్యాక్ జీ3కి పక్క తలుపు ఉండేది. గడియ లాగితే మదర్‌బోర్డుతో సహా కిందికి వాలేది. 2003లో వచ్చిన పవర్‌మ్యాక్ జీ5 అల్యూమినియం పెట్టె. లోపల తొమ్మిది ఫ్యాన్లు, గాలి పారడానికి నాలుగు విడి గదులు. ఆ ఏడాదే అమెరికాలోని వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయంలో శ్రీనిధి వరదరాజన్ బృందం 1,100 జీ5 యంత్రాలు కొని, వరసగా పేర్చి, వైర్లు కలిపితే అది ప్రపంచంలో మూడో వేగవంతమైన సూపర్ కంప్యూటర్‌గా లెక్కకెక్కింది. బజార్లో దొరికే డెస్క్‌టాప్‌కి అంతకుమించిన మెప్పు ఏముంటుంది?

ఆ జీ5కి మూడు గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ ఏడాదిలో తెస్తానని జాబ్స్ వేదిక మీద మాటిచ్చాడు. చిప్ చేసే ఐబీఎం వల్ల కాలేదు. 2005లో యాపిల్ ఇంటెల్ వైపు తిరిగింది. 2006 ఆగస్టులో అదే అల్యూమినియం చొక్కా తొడుక్కుని మ్యాక్ ప్రో వచ్చింది. ముందువైపు నిండా చిల్లులు, హార్డ్‌డిస్కులు పెట్టడానికి నాలుగు సొరుగులు. వైరు పీకనక్కర్లేదు, సొరుగు లాగి డిస్కు మార్చి తోసెయ్యడమే. ధర 2,499 డాలర్లు.

మ్యాక్ ప్రో కొన్నవాళ్ళు మా కోనసీమలో అరుదు. అయినా ఆ పెట్టె విలువ ఇక్కడివాళ్ళకి ఒకరు చెప్పనక్కర్లేదు. పెళ్ళి వీడియో మిక్సింగ్ చేసేవాళ్ళు వాడేదంతా అసెంబుల్డ్ సిస్టమ్. టేపుల రోజుల్లో కెమెరాలోంచి వీడియో దింపుకోవడానికి స్లాట్‌లో ఫైర్‌వైర్ కార్డు వేయించుకునేవారు. ఆ ఫైర్‌వైర్ పుట్టింది యాపిల్‌లోనే. కెమెరా మారితే కార్డు మారుతుంది. పెళ్ళిళ్ళ సీజన్ ముందు ఇంకో హార్డ్‌డిస్కు చేరుతుంది. పిడుగుపాటుకి ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లయ్) పోతే అదొక్కటీ మార్చుకుంటారు. సముద్రపు గాలికి, కాలవల చెమ్మకి ర్యామ్ కాళ్ళు నల్లబడి సిస్టమ్ ఆన్ కాకపోతే, దాన్ని ఊడదీసి పిల్లల రబ్బరుతో రుద్ది మళ్ళీ పెడతారు, లేస్తుంది. డెస్క్‌టాప్ అంటే వీళ్ళకి ఒకసారి కొనే వస్తువు కాదు, ఏటా కొంత కొంత కొనుక్కునే వస్తువు. హాలీవుడ్‌లో సినిమా కూర్చే ఎడిటర్‌కైనా, జన్యువుల లెక్కలు వేసే శాస్త్రవేత్తకైనా మ్యాక్ ప్రో అలాంటి వస్తువే.

2010 తర్వాత ఆ యంత్రాన్ని యాపిల్ మరిచిపోయింది. అప్పటికి కంపెనీ రాబడిలో సింహభాగం ఐఫోన్‌దే అయిపోతోంది. 2012 జూన్‌లో ప్రాసెసర్ కాస్త మార్చి కొత్తదన్నారు. వాడేవాళ్ళు ఊరుకోలేదు. కంపెనీ అధిపతిగా ఉన్న టిమ్ కుక్ ఒక వినియోగదారుడికి జవాబు రాస్తూ, 2013 చివరికి మంచిదొకటి వస్తుందని చెప్పాల్సొచ్చింది. ఈలోగా యూరప్‌లో విద్యుత్ భద్రత నిబంధనలు మారాయి. ఫ్యాన్లకి సరైన రక్షణ లేదని 2013 మార్చి నుంచి అక్కడ మ్యాక్ ప్రో అమ్మకం ఆపేశారు. నిబంధనకి తగ్గట్టు చిన్న మార్పు చేసే ఓపిక కూడా కంపెనీకి లేకపోయిందని నాకనిపిస్తుంది.

2013 జూన్‌లో కొత్త మ్యాక్ ప్రో చూపించారు. మెరిసే నల్లటి గొట్టం. ఎత్తు 9.9 అంగుళాలు, అడ్డకొలత 6.6 అంగుళాలు. మా పని అయిపోయిందన్న వాళ్ళకి ఇదే జవాబన్నట్టు కంపెనీ మార్కెటింగ్ పెద్ద ఫిల్ షిల్లర్ వేదిక మీద ఒక మోటు మాట కూడా వాడాడు. జనం చప్పట్లు కొట్టారు. చూడ్డానికి ముచ్చటైన వస్తువే, కాదనను. తయారీ టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో పెట్టారు. అక్కడ ఒక రకం ప్రత్యేకమైన మరమేకు కావాల్సొస్తే, దగ్గర్లో దొరికిన వర్క్‌షాపు రోజుకి వెయ్యికి మించి చెయ్యలేకపోయిందట. అమ్మకాలు ఆలస్యమవడానికి అదీ ఒక కారణమని ఆరేళ్ళ తర్వాత న్యూయార్క్ టైమ్స్ రాసింది. మూడు వేల డాలర్ల యంత్రానికి మరమేకులు దొరకలేదన్నమాట.

గొట్టం లోపల సంగతి చూద్దాం. నడిమధ్య త్రికోణాకారంలో ఒక లోహపు దూలం. దాని మూడు ముఖాలకీ మూడు బోర్డులు. ఒకదాని మీద ప్రాసెసర్, మిగతా రెండిటి మీద చెరో గ్రాఫిక్స్ చిప్. మూడింటి వేడినీ ఆ దూలమే పీల్చుకుంటుంది, పైనున్న ఒకే ఒక ఫ్యాన్ దాన్ని బయటికి లాగేస్తుంది. కాగితం మీద చాలా అందమైన ఆలోచన. దీని వెనక ఒక పందెం ఉంది: మున్ముందు పెద్ద లెక్కలన్నీ రెండు ఓ మోస్తరు గ్రాఫిక్స్ చిప్‌లు సగం సగం పంచుకుని చేస్తాయని. లోకం ఇంకో దారిన పోయింది. ఒకే పెద్ద చిప్, దానికొక్కదానికే 250, 300 వాట్లు. ఈ గొట్టానికి మొత్తం పవర్ సప్లయే 450 వాట్లు. మూడు ముఖాలకీ సమానంగా వేడి పంచిన దూలం మీద ఒక్క ముఖానికే అంత వేడి పెట్టడం కుదరదు. స్లాట్ ఉంటే వాడేవాడే కొత్త కార్డు తెచ్చుకునేవాడు, లోపల ఒక్కటీ లేదు. ఏం కావాలన్నా థండర్‌బోల్ట్ తీగతో బయట తగిలించుకోవాల్సిందే. బల్ల మీద నల్లటి గొట్టం ముద్దుగానే ఉంటుంది, దాని చుట్టూ డిస్కుల పెట్టెలు, తీగలు అల్లుకుపోతాయి. 2016లో కొన్ని గ్రాఫిక్స్ చిప్‌లు పాడవుతున్నాయని కంపెనీయే ఉచితంగా మరమ్మతు చేస్తామని ప్రకటించింది.

పాత అల్యూమినియం పెట్టె గతి ఇలా కాలేదు. 2010, 2012 మోడళ్ళు ఉన్నవాళ్ళు ప్రాసెసర్ మార్చుకున్నారు, కొత్త గ్రాఫిక్స్ కార్డు గుచ్చుకున్నారు. 2018లో యాపిల్ విడుదల చేసిన మొహావీ సిస్టమ్, తగిన గ్రాఫిక్స్ కార్డుంటే ఆ పాత పెట్టెల మీద కూడా నడిచింది. కంపెనీ ఎంత మరిచిపోయినా తలుపున్న పెట్టె బతికేసింది. తలుపు లేనిది తయారుచేసినవాడి దయ మీదే ఆధారపడింది.

ఆ దయ లేకపోయింది. 2014, 15, 16, కొత్త మోడల్ మాటే లేదు. వాడేవాళ్ళని ఎక్కువ బాధపెట్టింది ధర కాదు, ఈ మౌనం. వస్తుందనరు, రాదనరు. కోటిపల్లి నరసాపురం రైలు కోసం దశాబ్దాలుగా కళ్ళు కాయలు కాచిన కోనసీమవాళ్ళకి ఆ బాధేమిటో వేరే చెప్పాలా! చిన్న తమ్ముడు మ్యాక్ మినీదీ అదే తంతు. 2014 అక్టోబరులో వచ్చిన మినీలో ర్యామ్‌ని అతికించేశారు, అంతకుముందు మోడల్‌లో దొరికిన నాలుగు కోర్ల ప్రాసెసర్ కూడా తీసేశారు. కొత్తదానికంటే 2012 నాటి పాతదే నయమని జనం దాన్ని వెతుక్కున్నారు. ఆ తర్వాతి మినీ 2018 అక్టోబరులో గానీ రాలేదు.

ఆ ఎదురుచూపుల మధ్యలోనే, 2018 ఫిబ్రవరిలో ఇంకో సంగతి జరిగింది. జకారం, ఞకారం కలిసే ఒక తెలుగు అక్షరక్రమం తెర మీదికొస్తే చాలు, ఐఫోన్లలోనూ మ్యాక్‌లలోనూ ప్రోగ్రాములు కుప్పకూలిపోయాయి. ప్రపంచమంతా గగ్గోలు. ఫిబ్రవరి 19న మరమ్మతు వచ్చేసింది, గొడవ పత్రికలకెక్కిన కొద్ది రోజుల్లోనే. ఫోన్ కిందపడితే పరుగెత్తుకొచ్చిన కంపెనీకి, డెస్క్‌టాప్ దగ్గరికొచ్చేసరికి అన్నేళ్ళు ఎందుకు పట్టినట్టు?

జవాబు అంతకుముందే వాళ్ళే చెప్పారు. 2016 డిసెంబరులో టిమ్ కుక్ ఉద్యోగులకి, డెస్క్‌టాప్‌లని వదిలెయ్యలేదని నచ్చజెప్పాడు. 2017 ఏప్రిల్‌లో, యాపిల్ చరిత్రలో అరుదుగా జరిగేది జరిగింది. అయిదుగురు పాత్రికేయుల్ని పిలిచి కంపెనీ పెద్దలు ఫిల్ షిల్లర్, క్రెయిగ్ ఫెడరిగి, జాన్ టెర్నస్ తప్పు ఒప్పుకున్నారు. వేడి విషయంలో తమ డిజైనే తమని మూలకి నెట్టిందన్నారు. కొత్తది చేస్తున్నాం, ఈ ఏడు మాత్రం రాదన్నారు. అమ్మే మ్యాక్‌లలో నూటికి ఎనభై ల్యాప్‌టాప్‌లేనని, మ్యాక్ ప్రో వాటా నూటికి పదిలోపేనని కూడా చెప్పారు. లెక్క ప్రకారం చూస్తే వాళ్ళ అశ్రద్ధకి అర్థం ఉంది. కానీ ఆ పదిలోపు వాళ్ళే మిగతా తొంభై మంది ఫోన్లలో చూసే సినిమాలు కూర్చేది, వాడే యాప్‌లు రాసేది.

2017 డిసెంబరులో ఐమ్యాక్ ప్రో అని ఒక మధ్యంతర యంత్రం ఇచ్చారు. అసలు మ్యాక్ ప్రో 2019 డిసెంబరులో వచ్చింది. పైనున్న పిడి తిప్పి లాగితే తొడుగు మొత్తం ఊడొస్తుంది, అన్ని వైపుల నుంచీ చెయ్యి పెట్టొచ్చు. ఎనిమిది స్లాట్‌లు, వోజ్నియాక్ అడిగినన్ని. ర్యామ్ ఒకటిన్నర టెరాబైట్ల దాకా, పవర్ సప్లయ్ 1,400 వాట్లు. ధర మాత్రం 5,999 డాలర్ల నుంచి మొదలు, చక్రాలు కావాలంటే ఇంకో 400. చక్రాలకి 400 డాలర్లా!

ఏడాది తిరక్కుండా, 2020 నవంబరులో యాపిల్ సొంత చిప్ ఎం1 వచ్చి ఆట మార్చేసింది. ఇక్కడ కంపెనీ పక్షాన ఒక మాట చెప్పాలి. ఈ కొత్త చిప్‌లలో ప్రాసెసర్, గ్రాఫిక్స్ రెండూ ఒకే మెమొరీని పంచుకుంటాయి. ఆ మెమొరీ చిప్‌ని ఆనుకునే ఉంటుంది కాబట్టి వేగం ఎక్కువ, కరెంటు ఖర్చు తక్కువ. ఊడదీసే ర్యామ్ పెడితే దూరం పెరిగి ఆ లాభం కొంత పోతుంది. అంటే ఈసారి మూసింది కేవలం పంతం కాదు, అందులో భౌతికశాస్త్రం కూడా ఉంది. 2023 జూన్‌లో ఎం2 అల్ట్రాతో వచ్చిన మ్యాక్ ప్రో తెరుచుకునే పెట్టెకీ, మూసేసిన చిప్‌కీ మధ్య ఇరుక్కుంది. పెట్టె పాతదే, ధర అప్పట్లో 6,999 డాలర్ల నుంచి మొదలు, మెమొరీ 192 గిగాబైట్లకి మించలేదు. ఖాళీ స్లాట్‌లు ఉన్నాయి గానీ వాటిలో గ్రాఫిక్స్ కార్డు గుచ్చితే పనిచెయ్యదు. 2025 మార్చిలో అంతకంటే శక్తిమంతమైన ఎం3 అల్ట్రా చిప్, 512 గిగాబైట్ల దాకా మెమొరీతో వచ్చింది. దాన్ని చిన్న పెట్టె మ్యాక్ స్టూడియోకి ఇచ్చారు, మ్యాక్ ప్రోకి ఇవ్వలేదు.

కొత్తపేటలోనో రాజోలులోనో మిక్సింగ్ స్టూడియో పెట్టేవాళ్ళు మ్యాక్ కొందామనుకుంటే ఒక లెక్క వేసుకోవాలి. అసెంబుల్డ్ సిస్టమ్‌కైతే ఈ ఏటి పనికి సరిపడా ర్యామ్ వేయించుకుని, ఫోర్‌కే వీడియో పోయి ఎయిట్‌కే వచ్చినప్పుడు ఇంకో ముక్క చేర్చుకోవచ్చు. కొత్త మ్యాక్‌కి ఆ వెసులుబాటు లేదు. అయిదేళ్ళ తర్వాత కావాల్సిన మెమొరీకి కూడా కొన్నరోజే డబ్బు కట్టాలి, అదీ యాపిల్ చెప్పిన రేటుకి.